యూరాలజీలో సోషల్ మీడియా: రోగి, వైద్యుడు

నిర్మల్ నుంచి బతుకుదెరువు కోసం గల్ఫ్‌కు వెళ్లిన ఒక కార్మికుణ్ణి ఊహించుకోండి. రోజంతా ఎండలో పని, తాగే నీళ్లు తక్కువ. ఇలాంటివారి మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. నడుము పక్కన నొప్పి రాగానే అతడు తెరిచేది యూట్యూబ్. మూత్ర సంబంధమైన బాధలు నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడతాం కాబట్టి, యూరాలజీ రోగులు ఫోన్‌ను ఆశ్రయించడంలో ఆశ్చర్యం లేదు.

కొండపిండి కషాయంతో రాయి పడిపోతుందని ఒక వీడియో చెబుతుంది. కింద ‘నాకు పడిపోయింది’ అనే వ్యాఖ్యలు కనిపిస్తాయి. రాసినవారు అబద్ధమాడుతున్నారని కాదు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే మూత్రంతో బయటకు వస్తాయి. ఆ మేలు కషాయం ఖాతాలో పడుతుంది. రాయి పడనివారు మళ్లీ వచ్చి వ్యాఖ్య రాయడం అరుదు. అందువల్ల మీకు కనిపించేది సగం లెక్క మాత్రమే. నొప్పి తగ్గినంత మాత్రాన రాయి పోయినట్లు కాదని కూడా గుర్తించండి. అది మూత్రనాళంలో అడ్డుపడి ఉంటే, నొప్పి తెలియకుండానే మూత్రపిండం క్రమంగా దెబ్బతినవచ్చు. నొప్పితోపాటు చలిజ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇది రాళ్లకే పరిమితం కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌పై 150 యూట్యూబ్ వీడియోలను పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో ‘యూరోపియన్ యూరాలజీ’ పత్రికలో వెలువడింది. వీడియోలోనో, దాని కింది వ్యాఖ్యల్లోనో తప్పుదారి పట్టించే లేదా పక్షపాతంతో కూడిన సమాచారం 77 శాతం వాటిలో కనిపించింది. శాస్త్రీయ నాణ్యత తగ్గినకొద్దీ వీక్షకుల ఆదరణ పెరగడం మరీ విచిత్రం.

వైద్యుల సంగతికి వద్దాం. యూరాలజిస్టులు 2012 నుంచి ట్విటర్‌లో నెలకొక పరిశోధన వ్యాసాన్ని చర్చించుకున్నారు. అది వైద్యుల మధ్య మాట. రోగితో మాట వేరు. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వాట్సాప్ ద్వారా కూడా సలహా ఇవ్వడానికి అనుమతించాయి. అయితే వైద్యుడు రోగి పేరు, వయసు నిర్ధారించుకోవాలి, రికార్డు ఉంచాలి, అవసరమైతే నేరుగా రమ్మనాలి. రోగిని గుర్తుపట్టగలిగే ఫోటోను అనుమతి లేకుండా ప్రచురించరాదని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. సోషల్ మీడియాపై మరింత కఠినమైన నియమాలు 2023 ఆగస్టులో వచ్చాయి కానీ, అదే నెలలో నిలిపివేశారు.

మన కార్మికుడు స్కాన్ రిపోర్టును ఊరి గ్రూపులో పెడితే అతని పేరు, వయసు అందరికీ తెలుస్తాయి, జవాబుగా మళ్లీ కషాయాలే వస్తాయి. వైద్యుడి నంబరుకే పంపి, స్కాన్ తీసిన తేదీ, జ్వరం ఉందో లేదో రాస్తే, తాను ఆగవచ్చో, అక్కడే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలో తేలుతుంది.