పడిపోయిన చేతికి పనే మందు

మానవపాడు చుట్టుపక్కల ఎవరికైనా ఉన్నట్టుండి కాలూ చెయ్యీ పడిపోతే తుంగభద్ర దాటించి కర్నూలుకు తీసుకుపోతారు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వచ్చిన పక్షవాతమైతే, నాలుగున్నర గంటల్లోపు చేరినవారిలో తగినవారికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తొందర అవసరమే. అయితే ప్రాణం దక్కి, బీపీ మాత్రలతో ఇల్లు చేరాక మొదలు కావలసిన రెండో వైద్యం గురించి ఆ తొందర కనిపించదు. చచ్చుబడిన చేతిని ఒళ్లో పెట్టి, మంచి చేత్తోనే అన్నీ కానిచ్చేస్తారు. ఆ రెండో వైద్యానికి ఆధారం మెదడుకున్న మారే గుణం, అంటే న్యూరోప్లాస్టిసిటీ. బలహీనమైన చేతికి పని చెప్పే ఆ సాధనను ఓ సలహాగా చెప్పి వదిలేయకుండా, మోతాదు రాసిన మందులా అందించాలన్నది నా వాదన.

చనిపోయిన నాడీకణాలు తిరిగి లేవవు. కానీ వాటి చుట్టూ మిగిలిన కణాలు కొత్త సంబంధాలు అల్లుకుని, పోయిన పనిలో కొంత భాగాన్ని తలకెత్తుకోగలవు. 1996లో ర్యాండాల్ఫ్ నూడో బృందం చిన్న కోతుల మెదడులో చేతిని నడిపే చోట కొంత దెబ్బతీసి చూసింది. సాధన లేని కోతుల్లో దెబ్బ తగలని పక్క భాగం కూడా చేతి పనిని వదులుకుంది. చిన్న గుంటల్లోంచి తిండి బిళ్లలు తీసే సాధన చేసిన కోతుల్లో ఆ భాగం నిలిచింది; కొన్నింటిలో విస్తరించింది కూడా. మనుషుల్లోనూ ఇలాంటి ఆధారమే ఉంది. 2006లో వెలువడిన అమెరికా అధ్యయనం ‘ఎక్సైట్’లో పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మంది పాల్గొన్నారు. మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తో రెండు వారాలపాటు పనులు చేయించిన వారిలో కనిపించిన మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచింది. అయితే వీళ్ల మణికట్టూ వేళ్లూ ఎంతోకొంత కదిలేవి. బొత్తిగా కదలని చేతికి ఈ ఫలితాన్ని అంటగట్టలేం.

ఇక్కడ కీలకమైనది కదలికల లెక్క. జంతువుల ప్రయోగాల్లో రోజుకు వందల సార్లు ఒకే పని చేయిస్తారు. పక్షవాత రోగుల థెరపీ తరగతులపై 2009లో వెలువడిన పరిశీలన ప్రకారం, ఒక్కో తరగతిలో చేత్తో చేయించిన ఉపయోగకరమైన కదలికలు సగటున 32 మాత్రమే. ఈ లోటును పూడ్చే పని మానవపాడు ఉన్న నడిగడ్డ ఇళ్లలోనే ఉంది. గిన్నెడు బుడ్డలు (వేరుశనగ కాయలు) ముందు పోసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కో కాయనూ పట్టి పక్క గిన్నెలో వేయిస్తే వంద పట్లు ఇట్టే అవుతాయి. అది తేలికయ్యాక రెండు చేతులా ఒలిపించవచ్చు. మిరపకాయలు మాత్రం వద్దు. స్పర్శ తగ్గిన చేతికి మంట తెలియదు, అదే చెయ్యి కంటికి తగిలితే బాధ.

రోజువారీ అలవాటుకు అంత శక్తి ఉంటుందా అనే సందేహానికి హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం చేసిన పరిశీలన కొంత జవాబిస్తుంది. పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, రెండు అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో సుమారు 40 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగానే ఉంది. ఒకే భాషవారిలో 20 శాతానికే. చదువు, వయసు వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాకా ఈ తేడా నిలిచింది. ఇది చికిత్సను పరీక్షించిన అధ్యయనం కాదు, కారణాన్ని రుజువు చేయదు. కానీ తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిసి వినబడే సీమలో, బతుకులో భాగమైన సాధన మెదడుకు ఆసరా కాగలదనే మాట కొట్టిపారేయదగ్గది కాదు.

అలాగైతే ఇంటివాళ్లకు నేర్పి పంపితే చాలదా? చాలదనే 2017లో లాన్సెట్‌లో వచ్చిన ‘అటెండ్’ అధ్యయనం చూపింది. మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందిపై జరిగిన ఈ పరీక్షలో, కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి రెండు నెలలదాకా ఇంట్లో సాధన చేయించారు. ఆరు నెలలకు చనిపోయినవారూ, ఒకరి మీద ఆధారపడ్డవారూ కలిపి ఈ శిక్షణ అందినవారిలోనూ, మామూలు వైద్యమే అందినవారిలోనూ 47 శాతమే. ఇది నిరాశపరిచే ఫలితమే, దాటవేయరాదు. కానీ దీనివల్ల మెదడు మారదని తేలలేదు. పొలం పనీ ఇంటి పనీ నెత్తినున్న మనిషి మీదే వైద్యమంతా మోపితే ఫలించదని తేలిందని నేను అర్థం చేసుకుంటున్నాను. ఎక్కువ చేయిస్తే ఎక్కువ మేలన్నదీ పొరపాటే. 2015లో వచ్చిన ‘అవర్ట్’ అధ్యయనంలో 24 గంటల్లోపే లేపి మరీ ఎక్కువగా కదిలించిన వారిలో బాగా కోలుకునే అవకాశం తగ్గింది. ఎప్పుడు మొదలెట్టాలో, ఎంత చేయించాలో, ఎప్పుడు పెంచాలో చెప్పే మనిషి కావాలి.

ఆ మనిషిని మండలానికి రప్పించడం కొత్త సంగతేమీ కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టు వచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. పెద్దవాళ్లకూ అలాంటి ఏర్పాటు పల్లె దవాఖానాల్లో చేయవచ్చు. డిశ్చార్జి కాగితం మీద బీపీ మాత్ర పక్కనే ఏ పని, రోజుకు ఎన్నిసార్లు అన్నది రాయాలి. ఇంట్లో లెక్క రాసిపెట్టాలి. వారానికోసారి థెరపిస్టు చూసి మోతాదు మార్చాలి. మాత్రను ఇంటిల్లిపాదీ మరవకుండా వేయిస్తున్నారంటే దాన్ని వైద్యమని నమ్మారు కాబట్టే. చేతి సాధనకూ ఆ గౌరవం దక్కాలంటే, ముందుగా వైద్యవ్యవస్థే దాన్ని మందుల చీటీలోకి ఎక్కించాలి.