టామీ ఛాతీలో పాలనీళ్లు

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా, అదే లింఫ్ గ్రంథి. కుక్కలకూ ఉంటాయి. దవడ కింద, మోకాలి వెనక తడిమితే చేతికి తగులుతాయి. వాటిని కలిపే నాళాలే కంటికి ఆనవు. మామూలు ఎక్స్‌రేలోనూ పడవు.

ఇదంతా మా టామీ జబ్బుపడ్డాకే తెలిసింది. నాలుగు రోజులు దగ్గు, తర్వాత ఆయాసం. పడుకోలేక రాత్రంతా కూర్చునే ఉండేవాడు. పశువుల డాక్టరుగారు ఛాతీలోంచి సూదితో నీరు తీస్తే పాలలా తెల్లగా వచ్చింది! చీమేమోనని బెంబేలెత్తాను. "కాదమ్మా, వాడు తిన్న కొవ్వే" అన్నారాయన.

పేగుల్లో అరిగిన కొవ్వు ముందు లింఫ్ నాళాల్లోకి వెళ్తుందట. అవన్నీ కలిసి పెద్ద నాళమై, వెన్ను పక్కగా ఛాతీలోంచి పైకి పాకి, మెడ మొదట్లో రక్తంలో కలుస్తుంది. అది కారితే ఊపిరితిత్తుల చుట్టూ పాలనీళ్లే. తీసేస్తే ప్రాణం లేచొస్తుంది, నాలుగు రోజులకు మళ్లీ నిండుతుంది. గుండెజబ్బు, గడ్డ లాంటివి కారణం కావచ్చు. చాలాసార్లు ఏ కారణమూ దొరకదు. అప్పుడు ఆపరేషన్ చేసి నాళాన్ని కట్టెయ్యాలి. చిక్కల్లా ఏమిటంటే, అది ఒక్కో కుక్కలో ఒక్కో తీరుగా పాయలు చీలుతుంది. ఒక్క పాయ వదిలేసినా కారడం ఆగకపోవచ్చు.

అందుకే ముందు బొమ్మ తియ్యాలి. ఒకప్పుడు దీనికి పొట్ట కోసి, పేగుల దగ్గరి నాళంలో సన్నని గొట్టం పెట్టేవారు. ఇప్పుడు మత్తిచ్చి, మోకాలి వెనక బిళ్లలోకి అయోడిన్ మందు నెమ్మదిగా ఎక్కించి సీటీ స్కాన్ తీస్తున్నారు. టామీ స్కాన్ నాకూ చూపించారు. వెన్ను వెంబడి తెల్లటి ముగ్గుగీత, పైన మూడు పాయలు! మూడూ కట్టారు, నీరు మళ్లీ చేరలేదు. అన్ని కుక్కలకూ ఇలా కలిసిరాదనీ చెప్పారు.

అన్నట్టు, ఈ తెల్లని నాళాలు వైద్యుల దృష్టికి వచ్చింది కుక్కవల్లే. 1622లో ఇటలీలో గాస్పారె అసెల్లి అనే వైద్యుడు, అప్పుడే తిండి తిన్న కుక్కను, పాపం, బతికుండగానే కోసి చూశాడు. పేగుల దగ్గర తెల్లని దారాలు కనిపించాయి. ఖాళీ కడుపు కుక్కలో కనిపించలేదు. ఇప్పటికీ కొందరు సర్జన్లు ఆపరేషన్‌కు ముందు కుక్కకు మీగడో నూనో పెడతారు, నాళాలు తెల్లబడి కనిపించాలని.

మీ కుక్క నిద్రలో నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీస్తుంటే ఆలస్యం చెయ్యకండి. ఛాతీలోంచి తెల్లని నీరొస్తే పారబోయకుండా ల్యాబ్‌కు పంపమనండి. ట్రైగ్లిజరైడ్లు రక్తంలోకన్నా ఆ నీటిలో ఎక్కువుంటే అవి పాలనీళ్లే.