సముద్రాన్ని చదవడం నేర్పిన మ్యూజియం.. దాని గోడ కిందే మొదలైన ముప్పు

ఐరోపాలోని చిన్న దేశం మొనాకోలో, మధ్యధరా సముద్రానికి ఆనుకుని నిట్టనిలువుగా ఉన్న కొండ అంచున ఒక భారీ రాతి భవనం కనిపిస్తుంది. నీటి మట్టం నుంచి దాని ఎత్తు దాదాపు 85 మీటర్లు. సముద్ర శాస్త్రం కోసం కట్టిన ఈ ఓషనోగ్రాఫిక్ మ్యూజియానికి 1899లో శంకుస్థాపన జరిగితే, 1910 మార్చి 29న తలుపులు తెరుచుకున్నాయి.

దీన్ని కట్టించింది మొనాకో పాలకుడు ఒకటో ఆల్బర్ట్. ఆయన స్వయంగా నావికుడు. సొంత ఓడల్లో శాస్త్రవేత్తలను వెంటబెట్టుకుని వెళ్లి పరిశోధనలు చేయించారు. ఆ యాత్రల్లో దొరికిన జీవులను, వాడిన పరికరాలను భద్రపరిచి, ప్రజలకు చూపించడానికే ఈ మ్యూజియం పుట్టింది.

సీసాలు చెప్పిన దారి

సముద్ర ప్రవాహాలు ఎటు వెళ్తాయో తెలుసుకోవడానికి ఆల్బర్ట్ 1885 నుంచి 1887 వరకు అట్లాంటిక్‌లో 1,675 సీసాలు, పీపాలు, రాగి గోళాలు వదిలారు. దొరికినవాళ్లు తెలియజేయాలని కోరుతూ వాటిలో చీటీలు పెట్టారు. 227 దొరికాయి. ఉత్తర అట్లాంటిక్ నీరు గడియారం ముళ్ల దిశలో తిరుగుతోందని వాటి ద్వారా తేలింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, తేలుతూ వెళ్లే మైన్లు ఎటు కొట్టుకుపోతాయో అంచనా వేయడానికి ఇదే సమాచారం పనికొచ్చింది.

1901 యాత్రలో చార్లెస్ రిషే, పాల్ పోర్టియే ఒక సముద్ర జీవి విషాన్ని పరిశీలించారు. ఆ పరిశోధనే ప్రాణాంతకమైన తీవ్ర అలెర్జీ 'అనాఫిలాక్సిస్' ఆవిష్కరణకు దారితీసింది. దానికి రిషే 1913లో నోబెల్ అందుకున్నారు.

చదరపు మీటరుతో మొదలై..

1984లో ఇదే మ్యూజియం కింది నీటిలో కాలెర్పా టాక్సిఫోలియా అనే ఆకుపచ్చ నాచు కనిపించింది. ఆక్వేరియం తొట్లలో అలంకరణకు పెంచే రకం అది. అప్పుడు అది ఉన్న మేర సుమారు ఒక చదరపు మీటరు. మ్యూజియం తొట్ల నుంచే బయటపడిందని జీవశాస్త్రవేత్త అలెగ్జాండర్ మెనేజ్ వాదించారు. మ్యూజియం యాజమాన్యం చాలాకాలం ఒప్పుకోలేదు. ఈ వాదులాట సాగుతుండగానే నాచు పాకిపోయింది.

చిన్న ముక్క తెగినా కొత్త మొక్కవడం దీని లక్షణం. లంగర్లకు, వలలకు చిక్కుకుని ఊళ్లు దాటింది. విష పదార్థాలు ఉండటంతో దీన్ని తినే జీవులు తక్కువ. 2000 నాటికి ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, క్రొయేషియా, ట్యునీషియా తీరాలకు చేరింది.

అదే ఏడాది అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ కనిపించింది. అక్కడి అధికారులు ఆలస్యం చేయలేదు. నాచుపై టార్పాలిన్లు కప్పి, లోపలికి క్లోరిన్ పంపారు. 2006లో పూర్తిగా నిర్మూలించినట్లు ప్రకటించారు. మొదట్లోనే కదిలితే గెలవొచ్చని, తర్వాత కష్టమని ఈ రెండు అనుభవాలు చెబుతున్నాయి.

మనకేం సంబంధం?

తెలుగు రాష్ట్రాల్లో ఈ ముప్పు ఇప్పటికే ఉంది. తొట్టి గోడలను శుభ్రం చేస్తుందని ఇళ్లలో పెంచే దక్షిణ అమెరికా చేప, జనం డెవిల్ ఫిష్ అని పిలిచేది, కృష్ణా నదిలోనూ చేపల చెరువుల్లోనూ కనిపిస్తోంది. గట్టి ముళ్లతో వలలను చింపేస్తుంది. దానికి మార్కెట్లో ధర పలకదు. నష్టం మత్స్యకారుడిదే.

విశాఖలో, సూరత్‌లో ఆక్వేరియంలు ఉన్నాయి. తపతి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే ఉంది సూరత్. పిల్లలకు సముద్రం మీద ఆసక్తి కలగాలంటే ఇలాంటివి కావాలి. అయితే తొట్టి కడిగిన నీరు ఎక్కడికి పోతోంది, పెంచలేని చేపను జనం ఎక్కడ వదులుతున్నారు అన్నవి కూడా అక్కడే చెప్పాల్సిన పాఠాలు. ఇంట్లో తొట్టి ఉన్నవాళ్లు పాటించాల్సింది ఒక్కటే: వద్దనుకున్న చేపను చెరువులోనో కాలువలోనో వదలకూడదు.