చింతకుంట గుహ బొమ్మలు: ఫోన్‌తో ఫోటో తీయాలంటే ఏం తెలిసుండాలి?

రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. అమెరికాలో ఎడారి లోయ, లోయ గోడకు వేలాడుతున్నట్టు రాతి ఇండ్లు. అది మెసా వెర్డే. 12, 13 శతాబ్దాల్లో పువెబ్లో జనం కొండ చరియ కింద కట్టుకున్న ఇండ్లు. "మన దగ్గర ఇట్లాంటివి యాడుండాయి బ్రో?" అని అడుగుతారు కదా, ఈ ఎపిసోడ్ దాని గురించే.

కట్టిన ఇండ్లు అయితే మన దగ్గర లేవు. కానీ కొండ చరియ కింద మనుషులు తలదాచుకున్న చోట్లు ఉన్నాయి, వాళ్ళు గీసిన బొమ్మలు కూడా ఉన్నాయి. కమలాపురం నుంచి ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరు వైపు పోతే, ముద్దనూరు మండలంలో చింతకుంట వస్తుంది. గంట పైచిలుకు బండి ప్రయాణం. పెద్ద పెద్ద గుండ్లు, వాటి కింద నీడ, ఆ నీడలో గోడల మీద ఎరుపు, తెలుపు బొమ్మలు. మూపురం ఉన్న ఎద్దులు, జింకలు, మనుషులు. ఊరోళ్ళు దీన్ని 'ఎద్దుల ఆవుల గుండు' అంటారు. పేరు ఎంత కరెక్టుగా పెట్టారో చూడండి, ఆర్కియాలజీ చదవకుండానే. గండికోటకు వీకెండ్ ట్రిప్ వేసేవాళ్ళలో చాలామంది దీని పక్క నుంచే పోతారు, ఆగరు.

ఆగని వాళ్ళతో నాకు ప్రాబ్లం లేదు. ఆగి ఫోటో కోసం గోడను పాడుచేసే వాళ్ళతోనే ప్రాబ్లం. బొమ్మ మసకగా ఉంది కదా అని బాటిల్‌లో నీళ్ళు తీసి గోడ మీద చల్లుతారు. తడి గోడ మీద ఎరుపు నిజంగానే మెరుస్తుంది, ఫోటో బాగా వస్తుంది. కానీ ఆ నీళ్ళు రాతి లోపలి ఉప్పును కరిగించి, ఆరేటప్పుడు పైకి తెస్తాయి. బొమ్మ మీద తెల్లటి పొర కడుతుంది. ఇట్లా నాలుగు సార్లు జరిగితే ఆ బొమ్మ ఇక కనపడదు. ఇంకొంతమంది సుద్దముక్కతో అంచులు దిద్దుతారు. ఇక పేర్లు చెక్కే లవ్ స్టోరీల గురించి చెప్పనక్కరలేదు. కేంద్ర రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2010 సవరణలో పెంచారు. కానీ కేసు పెట్టినంత మాత్రాన గీత చెరిగిపోదు కదా.

అసలు ఈ రంగు ఇన్నాళ్ళు ఎట్లా నిలబడింది? ఎరుపు అంటే మన జాజు, ఎర్రమన్ను. గడపలకు, అరుగులకు పూస్తారే, అదే జాతి. అందులో ఉండేది ఇనుము ఆక్సైడ్, ఎండకు తొందరగా వెలిసిపోదు. తెలుపు అంత గట్టిది కాదు, పొరగా ఊడిపోతుంది. అందుకే తెల్ల బొమ్మల దగ్గర ఇంకా జాగ్రత్త. ముట్టుకోవద్దు, భుజం కూడా ఆనించొద్దు.

సరే, నీళ్ళు లేకుండా ఆ మసక బొమ్మను బయటికి తేవచ్చా? తేవచ్చు. నా బీటెక్ ఉపయోగపడిన అరుదైన సందర్భం ఇది, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

ఫోటోలో ప్రతి పిక్సెల్‌కు మూడు నంబర్లు ఉంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. రాతి గోడ ఫోటోలో ఈ మూడూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. ఎందుకంటే తేడా ఎక్కువగా వెలుతురుది, రంగుది కాదు. ఈ పిక్సెల్స్ అన్నిటినీ త్రీడీ గ్రాఫ్‌లో చుక్కలుగా పెడితే పొడుగు దోసకాయలా కనిపిస్తుంది. పొడుగు వైపు ఉండేది వెలుగు నీడ. జాజు గీత దాక్కుని ఉండేది సన్నటి అడ్డం వైపు. డీకోరిలేషన్ స్ట్రెచ్ అనే లెక్క ఏం చేస్తుందంటే, ఆ సన్నటి వైపును కూడా పొడుగుతో సమానంగా సాగదీస్తుంది. దోసకాయ బంతి అవుతుంది. అప్పుడు కంటికి అందని ఎరుపు తేడా ఒక్కసారిగా గులాబీ రంగులో ఎగిరి కనపడుతుంది. మొదట శాటిలైట్ చిత్రాల కోసం వాడిన పద్ధతి ఇది. జాన్ హార్మన్ అనే ఆయన దీన్ని రాతి చిత్రాలకు పనికొచ్చేలా మార్చి 'డీస్ట్రెచ్' అనే సాఫ్ట్‌వేర్ చేశారు. ఫోన్ యాప్ కూడా ఉంది. ప్రపంచమంతా రాక్ ఆర్ట్ చదివేవాళ్ళు దీన్నే వాడుతున్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మనకు కావాల్సింది ఆ చిన్న తేడానే కదా, దాన్ని మన ఫోన్ ముందే చంపేస్తుంది. జేపెగ్ కంప్రెషన్‌లో రంగు వివరమే ముందు పోతుంది. ఏఐ సీన్ మోడ్ ఇంకా ఘోరం. గోడను 'అందంగా' చేసి, లేని అంచును పదును పెట్టి చూపిస్తుంది. రేపు ఆ ఫోటో చూసి ఎవరో ఎద్దుకు ఇంకో కాలు ఉందని రాసినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఏఐ, బ్యూటీ, ఫిల్టర్ అన్నీ ఆఫ్. ప్రో మోడ్ ఉంటే రా ఫార్మాట్‌లో తీయండి. ఫ్రెండ్‌కు పంపాలంటే వాట్సాప్‌లో ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.

వెలుతురు సంగతి. గుండు కింద చీకటి, బయట రాయలసీమ ఎండ. రెండూ ఒక ఫ్రేమ్‌లో పెడితే ఫోన్ తికమకపడుతుంది. ఆకాశాన్ని ఫ్రేమ్ నుంచి తీసేయండి, బొమ్మ మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. గోడ మొత్తం నీడలో ఉన్న టైమే మంచిది. సగం ఎండ, సగం నీడ పడితే వదిలేయండి, కాసేపు కూర్చోండి. ఫ్లాష్ వద్దు. ఎదురుగా కొట్టిన ఫ్లాష్‌కు రాయి మెరిసి బొమ్మ పోతుంది. ఏటవాలుగా పడే వెలుగు మంచిదని కొందరు చెప్తారు. అది రాతిలో చెక్కిన బొమ్మలకు, రంగుతో గీసినవాటికి కాదు.

ముందు దూరం నుంచి గుండు మొత్తం, తర్వాత గోడ, తర్వాతే బొమ్మ. క్లోజప్ ఒక్కటే తీస్తే అది ఎక్కడిదో ఆరు నెలల తర్వాత మీకే తెలియదు. స్కూల్ స్కేలు ఒకటి గోడకు తగలకుండా బొమ్మ పక్కన పట్టుకుని ఒక ఫోటో, స్కేలు లేకుండా ఒకటి. అదే వెలుతురులో తెల్ల కాగితం ఫోటో కూడా తీస్తే తర్వాత రంగు సరిచేసుకోవచ్చు. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ గీసి ఉంటే అక్కడ ఎక్కువ ఫోటోలు తీయండి. ఏది కింద, ఏది పైన అనేదాన్ని బట్టే ఏది ముందో తెలిసేది.

ఇంత కష్టం ఎందుకంటారా? 1891లో గుస్తాఫ్ నోర్డెన్‌షోల్డ్ అనే స్వీడన్ కుర్రోడు మెసా వెర్డేకు పోయాడు. వయసు 23. బరువైన కెమెరా మోసుకుని ఆ ఇండ్లను పద్ధతిగా ఫోటోలు తీశాడు, 1893లో పుస్తకం వేశాడు. ఆ ఫోటోలు ఈరోజుకీ రికార్డే. కానీ అదే కుర్రోడు తవ్విన వస్తువులను రైలెక్కించాడు. అరెస్ట్ చేశారు, ఆపే చట్టం లేక వదిలేశారు. అవి ఫిన్లాండ్ చేరాయి. వాటిలో మనుషుల అస్థికలు, సమాధి వస్తువులు 2020లో గాని తిరిగి వాళ్ళ వారసులకు చేరలేదు. ఆ చట్టం 1906లో వచ్చింది. ఫోటో మాత్రం తీసుకుని వస్తువు అక్కడే వదిలుంటే ఎంత బాగుండేది!

మన దగ్గర కూడా లొకేషన్ జాగ్రత్త. ఎవరికీ తెలియని గుండు కనపడితే జీపీఎస్ ట్యాగ్‌తో ఇన్‌స్టాలో పెట్టొద్దు, కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేసి పోస్ట్ చేయండి. సరైన చోటు వివరం రాష్ట్ర పురావస్తు శాఖకో, కడప యోగి వేమన యూనివర్సిటీలో హిస్టరీ, ఆర్కియాలజీ డిపార్ట్‌మెంట్‌కో పంపండి, ఒరిజినల్ ఫైళ్ళతో సహా. డీస్ట్రెచ్ చేసిన ఫోటో పోస్ట్ చేస్తే అది అసలు రంగు కాదని కింద రాయండి. లేకపోతే గులాబీ ఎద్దును వెతుక్కుంటూ జనం వస్తారు.

లాస్ట్, సేఫ్టీ. చరియలకు పెద్ద తేనెపట్టులు ఉంటాయి. సెంటు కొట్టుకుని పోవద్దు, పొగ పెట్టొద్దు, డ్రోన్ దగ్గరికి పోనివ్వద్దు. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలు దాటితే రాయి కాలిపోతాది, ఫోన్ వేడెక్కి కెమెరా యాప్ మూసుకుంటుంది. తెల్లారి పోయి తొమ్మిదికల్లా దిగిపోండి. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు తీసుకుపోండి. అవి తాగడానికి మాత్రమే.