మీకు తెలుసా? మూడు కంపెనీలు, ఒకే ధర: రూ.388

గోడౌన్లలో నిల్వ ఉంచిన బియ్యానికి, గోధుమలకు పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడతారు. గాలిలోని తేమ తగిలితే వాటి నుంచి విషవాయువు వస్తుంది. ఈ బిళ్లల కోసం 2009లో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) టెండరు పిలిస్తే మూడు కంపెనీలు కిలోకు రూ.388 చొప్పున వేశాయి. ఫ్యాక్టరీలు తలా ఒకచోట, ఉత్పత్తి ఖర్చులు ఎవరివి వారివే. అయినా ధరలో పైసా తేడా లేదు! అంతకుముందు టెండర్లలోనూ చాలాసార్లు ఇదే తంతు. 2011లో మళ్లీ పిలిస్తే ముగ్గురూ కూడబలుక్కుని దూరంగా ఉండిపోయారు.

ఎఫ్‌సీఐ ఫిర్యాదుపై భారత పోటీ కమిషన్ (సీసీఐ) విచారణ జరిపి, ఇది కుమ్మక్కేనని 2012లో తేల్చింది. కంపెనీలు మాత్రం తేదీలు పట్టుకుని వాదించాయి. బిడ్లు వేసింది 2009 మే 8న, పోటీ చట్టంలో రింగ్ కట్టడాన్ని నిషేధించే సెక్షన్ అమల్లోకి వచ్చింది మే 20న. కాబట్టి తమకు వర్తించదన్నాయి.

నిజానికి ఆ చట్టాన్ని పార్లమెంటు 2002లోనే ఆమోదించింది. 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టం సరళీకరణ తర్వాతి మార్కెట్‌కు చాలదని తెచ్చిన చట్టమది. 2003లో కమిషన్ కూడా ఏర్పడింది. కానీ తీర్పులిచ్చే సంస్థకు న్యాయమూర్తి కాకుండా అధికారి ఎలా సారథ్యం వహిస్తారంటూ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో చట్టాన్ని సవరించారు. అసలు సెక్షన్లు కదిలేసరికి 2009 వచ్చింది. ఏడేళ్లు కాగితం మీదే ఉన్న చట్టం, నిందితుల చేతికి ఓ వాదనను అందించింది.

2017లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. బిడ్లు ముందే వేసినా కుమ్మక్కు ప్రభావం మే 20 తర్వాతా కొనసాగిందని చెప్పింది. జరిమానా విషయంలో మాత్రం కంపెనీలకే ఊరట దక్కింది. ఆ మూడింటిలో ఒకటైన ఎక్సెల్ క్రాప్ కేర్‌కు కమిషన్ విధించింది రూ.63.90 కోట్లు, చివరికి మిగిలింది రూ.2.92 కోట్లు! కంపెనీ మొత్తం టర్నోవర్‌పై కాకుండా, ఆ బిళ్లల అమ్మకాలపైనే లెక్కించాలన్న సూత్రం వల్ల వచ్చిన తేడా ఇది. శిక్ష తప్పుకు తగినంతే ఉండాలన్న కోర్టు మాట సబబే. కానీ పెద్ద కంపెనీకి మూడు కోట్లు ఏపాటి? 2023 సవరణ ఈ లోటును కొంత పూడ్చింది. జరిమానా గరిష్ఠ పరిమితికి ఇప్పుడు కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవరే లెక్క.

ఇంకో సంగతి. వసూలైన జరిమానా ప్రభుత్వ సంచిత నిధికి పోతుంది. ఎక్కువ ధర చెల్లించి నష్టపోయిన కొనుగోలుదారు పరిహారం కావాలంటే అప్పీలు ట్రైబ్యునల్‌కు విడిగా దరఖాస్తు చేసుకోవాలి.