ఫ్యాన్ బాగా పడింది, అమ్మమ్మ పడలేదు

సెలవులకి ఊరెళ్లేవాళ్లు ఇంట్లో పెద్దవాళ్ల మాటలు రికార్డ్ చేసుకు రమ్మని మన క్లబ్బులో అనుకున్నాం కదా. నేను కోనసీమలో మా అమ్మమ్మ దగ్గర కూర్చుని 1986 వరద గురించి అడిగాను. ఆ ఏడాది ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ అంకె నాకు ఇంటర్నెట్‌లో దొరికింది. డాబా మీద రెండు రాత్రులు ఎలా గడిపారో మాత్రం అమ్మమ్మ దగ్గరే దొరుకుతుంది. నలభై నిమిషాలు చెప్పింది. కాలర్ మైక్ చీరకి పెట్టాను, ఫోన్‌లో రెడ్ బటన్ వెలుగుతోంది, అంతా బాగానే ఉందనుకున్నాను.

హాస్టల్‌కి వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఫ్యాన్ వినిపించింది. ఫ్యాన్ వెనకాల ఎక్కడో, పక్కింట్లో మాట్లాడుతున్నట్టు అమ్మమ్మ.

వెంటనే ఎవరైనా చేసేదే నేనూ చేశాను. ఎడిటర్‌లో ఓపెన్ చేసి వాల్యూమ్ పెంచేశాను. అమ్మమ్మ పెరిగింది. ఫ్యాన్ కూడా అంతే పెరిగింది. అప్పుడు అర్థమైంది, వాల్యూమ్ అనేది గుణకారం మాత్రమే. ఫైల్‌లో ఉన్న ప్రతి నంబర్‌నీ పదితో గుణిస్తే మాటా పదింతలవుతుంది, గోలా పదింతలవుతుంది. వాటి మధ్య తేడా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మనకి కావలసింది ఆ తేడా. అది రికార్డ్ చేసేటప్పుడే తేలిపోతుంది.

అందుకే మైక్ సౌండ్ తక్కువగా వస్తోంది అంటే ముందు అడగాల్సింది "ఎంత పెంచాలి" అని కాదు, "ఎక్కడ పోతోంది" అని. కాలవలో నీళ్లు చివరి చేలకి అందకపోతే మనవాళ్లు గట్టు వెంట పైకి నడుచుకుంటూ వెళ్లి ఎక్కడ గండి పడిందో చూస్తారు. ఇదీ అంతే. నోరు, గాలి, మైక్, ప్లగ్, గెయిన్, సాఫ్ట్‌వేర్, ఫైల్. ఈ వరసలో వెతకాలి.

అసలు ఏ మైక్ రికార్డ్ చేస్తోంది?

నా గండి ఇక్కడే పడింది. కాలర్ మైక్ అమ్మమ్మ చీర మీద ఉంది కానీ ఫోన్ దాన్ని పట్టించుకోనే లేదు. ఐదడుగుల దూరంలో, టీవీ స్టాండ్ మీద పెట్టిన ఫోన్ తన సొంత మైక్‌తోనే రికార్డ్ చేసుకుంది.

కారణం ప్లగ్. 3.5 మిల్లీమీటర్ల ప్లగ్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడు గీతలుంటే నాలుగు ముక్కలు, రెండు గీతలుంటే మూడు ముక్కలు. ఫోన్‌కి మైక్ సిగ్నల్ నాలుగో ముక్క మీదుగా రావాలి. కెమెరాల కోసం చేసిన మైక్‌కి మూడు ముక్కలే ఉంటాయి. అది పెడితే ఫోన్ "ఎవరో మామూలు ఇయర్‌ఫోన్స్ పెట్టారు" అనుకుని లోపలి మైక్‌నే వాడుతుంది, మనకి ఏ మెసేజ్ కూడా చూపించదు. దీనికి చిన్న కన్వర్టర్ పిన్ సరిపోతుంది. టైప్-సి పోర్ట్ మాత్రమే ఉన్న ఫోన్లకి డాంగిల్ కొనేటప్పుడు అది మైక్‌ని కూడా సపోర్ట్ చేస్తుందో లేదో చూసుకోవాలి, కొన్ని పాటలు వినడానికే పనికొస్తాయి. కొన్ని కాలర్ మైకులకి కెమెరా, స్మార్ట్‌ఫోన్ అని స్విచ్, బటన్ బ్యాటరీ ఉంటాయి. స్విచ్ తప్పుగా ఉన్నా, బ్యాటరీ అయిపోయినా సౌండ్ పీలగా వస్తుంది.

ఇవేవీ గుర్తుండకపోయినా పర్లేదు, ఒక టెస్ట్ గుర్తుంచుకోండి. రికార్డింగ్ పెట్టి మైక్ తల మీద గోరుతో రెండుసార్లు తట్టండి. తర్వాత ఫోన్ మీద తట్టండి. విని చూడండి. ఏది టక్‌టక్‌మని గట్టిగా వినిపిస్తే ఆ మైకే పనిచేస్తున్నట్టు. పది సెకన్ల పని. ఆ రోజు నేను చేయలేదు.

ల్యాప్‌టాప్‌లోనూ ఇదే కథ. వెబ్‌క్యామ్‌కి ఒక మైక్, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కి ఒకటి, ల్యాప్‌టాప్‌కి ఒకటి. మీరు ఒకదాని ముందు మాట్లాడుతుంటే సిస్టమ్ ఇంకొకదాన్ని వింటూ ఉంటుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ పేరు ముందు చూడాలి.

దూరం

మైక్ సరైనదే అని తేలాక చూడాల్సింది దూరం. మూల దగ్గర నుంచి దూరం రెట్టింపయితే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నా ఫోన్ ఐదడుగుల దూరంలో ఉంది. అదే ఆరు అంగుళాల దూరంలో ఉంటే, అంటే పదో వంతు, లెక్క ప్రకారం 20 డెసిబెల్స్ ఎక్కువ వచ్చేది. గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ లాభం మాత్రం పెద్దదే. పైగా పైన తిరిగే ఫ్యాన్ దూరం దాదాపు మారదు కాబట్టి దాని గోల అలాగే ఉంటుంది, మాట ఒక్కటే పెరుగుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత శుభ్రంగా ఈ పని చేయలేదు.

ఇది పాతకాలం వాళ్లకి బాగా తెలుసు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటని ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డ్ చేసినప్పుడు మైకే లేదు. ఒక పెద్ద బాకా ఉండేది. గాయకులు దాని మూతి దగ్గరికి వంగి గట్టిగా పాడితే ఆ గాలి ఒత్తిడే సూదిని కదిలించి మైనం మీద గీత గీసేది. గెయిన్ పెంచుకునే బటన్ ఏదీ లేదు. 1925లో విద్యుత్ మైకులతో రికార్డింగ్ మొదలయ్యేదాకా వాళ్ల చేతిలో ఉన్నవి రెండే, గొంతూ దూరమూ. వందేళ్లు దాటినా ఆ పాట ఇప్పుడు వినబడుతోంది.

కాలర్ మైక్ అయితే గడ్డానికి ఒక జానెడు కింద పెట్టండి. పైట అంచు దానికి రాసుకోకుండా చూడండి, లేకపోతే బరబరమనే శబ్దమే మిగులుతుంది. ఫోన్‌తోనే తీస్తే కింది అంచున ఉన్న చిన్న రంధ్రం మాట్లాడే మనిషి వైపు ఉండాలి. బ్యాక్ కవర్ దాన్ని మూసేస్తోందేమో, లోపల దుమ్ము పట్టిందేమో చూడండి. పిన్నీసుతో మాత్రం పొడవకండి, మెత్తటి బ్రష్ చాలు.

మైక్ జాతి

ఫంక్షన్లలో మైక్ సెట్ వాళ్లిచ్చే చేతి మైక్ సాధారణంగా డైనమిక్ రకం. లోపల అయస్కాంతం, తీగచుట్ట. దాని నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. మిక్సర్‌లో యాంప్లిఫైయర్ దాన్ని వందల రెట్లు పెంచుతుంది. ఆ మైక్‌ని తీసుకొచ్చి నేరుగా ల్యాప్‌టాప్‌కి గుచ్చితే గుసగుసలే వస్తాయి, మైక్ పాడైనట్టు కాదు. మధ్యలో మిక్సర్ కానీ ఆడియో ఇంటర్‌ఫేస్ కానీ ఉండాలి. స్టూడియో కండెన్సర్ మైక్ అయితే దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఆ బటన్ నొక్కకపోతే దాదాపు ఏమీ రాదు.

ఒక విచిత్రమైన కేసు ఉంది. హెడ్‌ఫోన్స్‌లో బాగా వినిపించి, ఫోన్ స్పీకర్‌లో మాయమైపోయే రికార్డింగ్. కొన్ని కేబుళ్లు ఒకే సిగ్నల్‌ని ఎడమవైపు మామూలుగా, కుడివైపు తలకిందులుగా పంపిస్తాయి. స్పీకర్ ఒక్కటే ఉంటే రెండూ కలిసి ప్లస్ మైనస్ కొట్టేసుకుంటాయి. ఎడిటర్‌లో స్టీరియోని రెండు మోనోలుగా విడగొట్టి ఒకదాన్ని డిలీట్ చేస్తే మాట తిరిగొస్తుంది.

ఇప్పుడు గెయిన్

ఇంతవరకూ వచ్చాకే స్లైడర్ ముట్టుకోవాలి. విండోస్‌లో పాత సౌండ్ ప్యానెల్ తెరిచి, రికార్డింగ్ ట్యాబ్‌లో మైక్ ప్రాపర్టీస్, లెవెల్స్ చూడండి. కొన్ని ల్యాప్‌టాపుల్లో అక్కడ మైక్రోఫోన్ బూస్ట్ ఉంటుంది. 10 డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి, 30కి వెళ్తే బుస్సుమనే శబ్దం కూడా వస్తుంది. లినక్స్ వాళ్లు ఆల్సామిక్సర్‌లో ఎఫ్4 నొక్కితే క్యాప్చర్ లెవెల్స్ కనిపిస్తాయి.

మాట్లాడేటప్పుడు మీటర్ పై అంచు మైనస్ 12కీ మైనస్ 6కీ మధ్య ఆడాలి. సున్నా తగిలితే అల పైభాగం తెగిపోతుంది, అది మళ్లీ రాదు. మరీ కిందుంటే ఏం నష్టమో మన బ్రాంచ్ వాళ్లకి లెక్కతో చెప్పొచ్చు. 16 బిట్ ఆడియోలో 65,536 మెట్లు. ఒక్కో 6 డెసిబెల్స్ ఒక బిట్. మాట మైనస్ 42 దగ్గరే ఆగిపోతే ఏడు బిట్లు ఖాళీ, మిగిలేవి 512 మెట్లు. మొత్తం మాట అంతా ఆ 512లోనే ఇరుక్కుంటుంది.

లెవెల్స్ సరిగ్గా ఉన్నా మాట మధ్యమధ్యలో మాయమవుతుంటే నాయిస్ సప్రెషన్‌ని అనుమానించండి. కాల్స్ కోసం చేసిన ఆ ఫీచర్ పాటని, కూనిరాగాన్ని, మెల్లగా అన్న మాటని కూడా గోల కింద లెక్కేసి తీసేస్తుంది. రికార్డింగ్‌కి అది ఆఫ్‌లో ఉండాలి.

అయిపోయిన రికార్డింగ్‌ని ఏం చేయాలి?

ముందు ఒరిజినల్‌ని కాపీ తీసి పక్కన పెట్టండి. నేను కాపీని ఆడాసిటీలో తెరిచి ఈ వరసలో వెళ్లాను. హై-పాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి అడుగున ఉన్న గుంయ్‌మనే శబ్దం తీశాను. అమ్మమ్మ మంచినీళ్లు తాగుతున్నప్పుడు ఫ్యాన్ ఒక్కటే వినిపించే రెండు సెకన్లు దొరికాయి. అది శాంపిల్‌గా ఇచ్చి నాయిస్ రిడక్షన్ 8 డెసిబెల్స్ పెట్టాను. ఇంకా ఎక్కువ పెడితే నీళ్లలో మునిగి మాట్లాడినట్టు అయిపోయింది. చివరగా నార్మలైజ్. ఇవి చేశాక చాలావరకూ అర్థమైంది.

అర్థం కానిది ఒక్క చోట. రాత్రి చీకట్లో ఈ డాబా మీద నుంచి ఆ డాబాకి పేర్లు పెట్టి కేకలేసేవాళ్లట. అటు నుంచి "ఆయ్" అని వస్తే ఉన్నట్టు. ఒక పేరుకి మాత్రం జవాబు రాలేదు. ఆ పేరు చెప్పేటప్పుడు అమ్మమ్మ గొంతు తగ్గించేసింది. మనిషి ఎక్కడ గొంతు తగ్గిస్తాడో అక్కడే మనకి మైక్ ఎక్కువ అవసరం. నా ఫైల్‌లో అక్కడ ఫ్యాన్ ఉంది.

తర్వాతిసారి ఊరెళ్లినప్పుడు కన్వర్టర్ పిన్ తీసుకెళ్లాను. గోరుతో తట్టి చూశాను, పది నిమిషాలకోసారి ఫ్యాన్ ఆపాను. మళ్లీ అడిగితే "మొన్నే చెప్పాను కదే అమ్మలూ, ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్" అని నాలుగు మాటల్లో తేల్చేసింది. సౌండ్ అద్భుతంగా వచ్చింది. కేకల సంగతి అందులో లేనే లేదు.

చివరికి పాత ఫైల్ మా అమ్మకి వినిపించాను. ఆ రాత్రి చిన్నపిల్లగా అదే డాబా మీద ఉన్న మనిషి. ఆ చోటు రెండుసార్లు విని, హెడ్‌ఫోన్స్ తీసి, పేరు చెప్పింది. తెల్లారాక ఆయన అరటిబోదెల తెప్ప మీద వచ్చాడని కూడా చెప్పింది. నేను రాసుకున్న కాగితంలో ఆ పేరు పక్కన "అమ్మ చెప్పగా" అని రాశాను, ఎందుకంటే రికార్డింగ్‌లో అది లేదు.

మీరు వెళ్లేముందు గోరుతో తట్టి చూసుకోండి.