అచ్చుపుట నుంచి రాతిపలక దాకా: ఇయన్ హామిల్టన్ ఫిన్లే ముద్రిత కృతులు – సహకార కళ

వ్యాససంగ్రహం:

స్కాట్లండ్ కవి ఇయన్ హామిల్టన్ ఫిన్లే (1925–2006) మూర్తకవిత్వోద్యమంలో ప్రముఖుడు. ఆయన కవితలు పుస్తకాలలోనే కాక కార్డులు, మడతపత్రాలు, గోడపత్రాలు, గాజు, రాయి వంటి మాధ్యమాలలోనూ వెలువడ్డాయి. వాటిలో చాలా కృతులకు రూపమిచ్చినవారు ఇతర కళాకారులు. ఫిన్లే ముద్రిత కృతుల స్వభావాన్ని, వాటి వెనుక ఉన్న సహకార పద్ధతిని, ఆ పద్ధతి కర్తృత్వ భావనకు సంబంధించి లేవనెత్తే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మూర్తకవిత్వం, ముద్రణకళ, వైల్డ్ హాథార్న్ ప్రెస్, లిటిల్ స్పార్టా, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం:

కవిత రాసినవాడే కవి అన్నది అందరికీ తెలిసిన నిర్వచనం. అచ్చు వేసేవారు, అక్షరాలు కూర్చేవారు, బొమ్మలు గీసేవారు ఆ కవితను పాఠకునికి చేర్చే సహాయకులుగానే లెక్కకు వస్తారు. కవిత వేరు, దాన్ని మోసే కాగితం వేరు అనే భావన ఈ విభజనకు మూలం. అక్షరం పరిమాణం, రంగు, కాగితం మడత, రాతి మీద ఉలిగాటు కూడా కవితలో భాగమైనప్పుడు ఈ నిర్వచనం నిలవదు. ఫిన్లే కృతులు ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఆధారాలు.

ఫిన్లే బహామా దీవులలోని నసావులో 1925 అక్టోబరు 28న స్కాటిష్ తల్లిదండ్రులకు జన్మించాడు. చిన్నతనంలోనే స్కాట్లండ్ చేరాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో పనిచేశాడు. తరువాత గొర్రెల కాపరిగానూ జీవించాడు. తొలి రచనలు కథలు, నాటికలు, సంప్రదాయరీతిలోని చిన్న కవితలు. 1958లో కథల సంపుటి, 1960లో ‘ది డాన్సర్స్ ఇన్‌హెరిట్ ది పార్టీ’ అనే కవితల సంపుటి వెలువడ్డాయి. ఆ తరువాత మూడేళ్లలోనే ఆయన కవితా మార్గం పూర్తిగా మారింది.

2. మూర్తకవిత్వం – స్వరూపం:

కాంక్రీట్ పొయెట్రీ అనే పేరులోని కాంక్రీట్‌కు ఇళ్లు కట్టే పదార్థంతో సంబంధం లేదు. అమూర్తానికి విరుద్ధమైన ‘మూర్తం’ అన్నదే ఇక్కడి అర్థం. 1950వ దశకంలో స్విట్జర్లండ్‌కు చెందిన ఓయిగెన్ గోమ్రింగర్, బ్రెజిల్‌లోని నోయ్‌గాండ్రెస్ బృందకవులు దాదాపు ఒకే కాలంలో ఈ మార్గాన్ని రూపొందించారు. వాక్యనిర్మాణం స్థానంలో పుటపై పదాల అమరికను నిలపడం దీని మౌలిక సూత్రం. పదానికీ పదానికీ మధ్య ఉన్న ఖాళీయే ఇక్కడ వ్యాకరణం.

తెలుగు సాహిత్య విద్యార్థులకు చక్రబంధం, నాగబంధం వంటి బంధకవిత్వం పరిచితమే. రెంటిలోనూ అక్షరాలు ఆకృతిని ధరిస్తాయి గనుక రెండూ ఒకటేనన్న భ్రమ కలగవచ్చు. అయితే బంధపద్యాన్ని బొమ్మ నుంచి విడదీసి చదివినా ఛందస్సు, అన్వయం చెక్కుచెదరవు. మూర్తకవితను దాని అమరిక నుంచి విడదీస్తే మిగిలేవి రెండు మూడు విడిమాటలే.

ఈ కొత్త మార్గం స్కాట్లండ్‌కు చేరడంలో కవి ఎడ్విన్ మోర్గన్ పాత్ర ముఖ్యమైనది. బ్రెజిల్ కవుల కృతులు ఆయన ద్వారా ఫిన్లే దృష్టికి వచ్చాయి. 1963 సెప్టెంబరులో ఫ్రెంచి కవి పియెర్ గార్నియేకు రాసిన లేఖలో ఫిన్లే తన మార్పుకు కారణాన్ని వివరించాడు. పాత వాక్యలయ తనకు ఇక పనికిరాదనిపించిందని, సందేహాలతో నిండిన ప్రపంచంలో కూడా మూర్తకవిత ఒక క్రమానికి నమూనాగా నిలవగలదని ఆ లేఖ సారాంశం. ఈ ‘క్రమం’ అనే భావనే ఆయన తరువాతి కృషి అంతటికీ మూలసూత్రమైంది.

3. వైల్డ్ హాథార్న్ ప్రెస్:

ఫిన్లే 1961లో జెస్సీ మెగఫీతో కలిసి వైల్డ్ హాథార్న్ ప్రెస్‌ను స్థాపించాడు. అదే సంవత్సరం ‘గ్లాస్గో బీస్ట్స్’ అనే చిన్న పుస్తకం వెలువడింది. జాన్ పికింగ్, పీట్ మెగిన్‌ల కత్తిరింపు బొమ్మలతో వచ్చిన ఈ కవితలను ఆయన గ్లాస్గో నగర వీధిభాషలో రాశాడు. స్కాట్ భాషకు సాహిత్యగౌరవం తేవాలని జీవితమంతా పోరాడిన పెద్దకవి హ్యూ మెక్‌డైర్మిడ్‌కు ఈ నగరభాష కవిత్వానికి తగినదిగా తోచలేదు. 1962లో ఆయన కరపత్రం ద్వారా ఫిన్లేను, ఆయన సహచరులను తీవ్రంగా ఖండించాడు. సొంతదేశపు సాహిత్యకేంద్రం నుంచి ఆదరణ లభించని కవికి సొంత ముద్రణసంస్థ అవసరం ఎంతటిదో ఈ ఘటన సూచిస్తుంది.

1962లో మొదలైన ‘పూర్. ఓల్డ్. టైర్డ్. హార్స్.’ అనే పత్రిక మొత్తం 25 సంచికలు వెలువడింది. పత్రిక పేరును అమెరికన్ కవి రాబర్ట్ క్రీలీ కవిత నుంచి గ్రహించారు. కొద్ది పుటల ఈ పత్రికలో బ్రెజిల్, అమెరికా, ఐరోపా కవులు స్కాటిష్ కవుల పక్కన కనిపిస్తారు. చిత్రకారిణి బ్రిడ్జెట్ రైలీ రేఖలతో, చిత్రకారుడు యాడ్ రైన్‌హార్ట్ పాఠంతో ఒక సంచిక రూపొందింది. చివరి సంచిక పూర్తిగా ఏకపద కవితలకు కేటాయించబడింది. ఏకపద కవితలో శీర్షిక, ఒక్క పదం మాత్రమే ఉంటాయి; ఆ రెంటి మధ్య సంబంధాన్ని ఊహించడం పాఠకుని పని.

4. కాగితమే కవిత:

1963లో వచ్చిన ‘రాపెల్’ ఫిన్లే తొలి మూర్తకవితా సంపుటి. ఇది కుట్టిన పుస్తకం కాదు. ఒక అట్టలో ఉంచిన విడిపత్రాల సమాహారం. అదే సంవత్సరం మొదలైన ‘స్టాండింగ్ పొయెమ్’ శ్రేణిలోని కవితలు మడతకార్డులు. వాటిని బల్ల మీద నిలబెట్టవచ్చు. కవిత అలమరలో దాగకుండా ఇంట్లో ఒక వస్తువుగా నిలవడం ఇక్కడి ఉద్దేశం. ఆ తరువాతి దశాబ్దాలలో ఈ ముద్రణసంస్థ నుంచి వందల సంఖ్యలో కార్డులు, పుస్తికలు, గోడపత్రాలు వెలువడ్డాయి.

1966 నాటి ‘స్టార్/స్టీర్’ ఆయన పద్ధతికి మంచి ఉదాహరణ. నక్షత్రాన్ని తెలిపే ఆంగ్లపదం మళ్లీమళ్లీ వస్తూ, అలల మీది పడవదారిలా వంపులు తిరుగుతూ పుట కిందికి దిగుతుంది. చివరికి పడవ నడపడాన్ని తెలిపే పదంగా మారుతుంది. రెండు పదాల హల్లులు ఒకటే. మారింది అచ్చు మాత్రమే. తెలుగులో చుక్క, చుక్కాని అనే పదాల నడుమ కూడా, వ్యుత్పత్తి సంబంధం లేకపోయినా, ఇటువంటి ధ్వనిసామ్యమే వినిపిస్తుంది. చుక్కను చూసి చుక్కాని తిప్పే నావికుని అనుభవమంతా ఆ స్వల్ప ధ్వనిభేదంలో ఇమిడి ఉంది. దీనిని వివరించే వాక్యం కవితలో ఒక్కటీ లేదు. పదాల కదలికే వివరణ.

చేపల పడవలు ఫిన్లేకు ప్రియమైన వస్తువు. బ్రిటన్‌లో ప్రతి పడవ మీదా రేవును తెలిపే అక్షరాలు, ఒక సంఖ్య ఉంటాయి. అబర్డీన్‌కు ‘ఎ’, కిర్కాల్డీకి ‘కె.వై.’ గుర్తులు. ఆలిస్టర్ కాంట్ సహకారంతో 1966లో రూపొందిన ‘సీ పాపీ 1’లో ఇటువంటి గుర్తులు వలయాలుగా అమరి ఒక పువ్వుగా విచ్చుకుంటాయి. ప్రభుత్వ నమోదు సంఖ్య పూరేకుగా మారడానికి కవి కొత్తపదమేదీ సృష్టించనక్కరలేకపోయింది. 1967లో నాటింగ్‌హాంలోని టరాస్క్ ప్రెస్ ప్రచురించిన ‘ఓషన్ స్ట్రైప్ 5’లో మరో మార్గం కనిపిస్తుంది. మత్స్యకారుల వార్తాపత్రికలోని పడవల ఛాయాచిత్రాల కింద ఆధునిక కవితాసిద్ధాంతుల వ్యాఖ్యలను పొందుపరిచాడు. రెంటికీ పైకి పొంతన లేదు. పుటలు తిప్పేకొద్దీ సిద్ధాంతం పడవకు, పడవ సిద్ధాంతానికి వ్యాఖ్యానంగా మారుతాయి.

5. సహకార పద్ధతి:

ఫిన్లే 1966లో భార్య స్యూతో కలిసి పెంట్‌లాండ్ కొండలలోని స్టోనీపాత్ అనే పొలానికి చేరాడు. బహిరంగ ప్రదేశాలంటే కలిగే తీవ్రభయం వల్ల కొన్ని దశాబ్దాల పాటు ఆయన ఆ స్థలాన్ని దాటి వెళ్లడం చాలా అరుదు. బయటి ప్రపంచంతో ఆయనకు ప్రధాన బంధం తపాలా. తన భావనను, కావలసిన రూపాన్ని, వాడవలసిన అక్షరాలను లేఖలలో వివరించి కళాకారులకు పంపేవాడు. వారు చిత్తులు పంపేవారు. సవరణలు మళ్లీ తపాలాలో వెళ్లేవి.

ఈ కళాకారులలో గ్రంథరూపకర్త రాన్ కాస్ట్‌లీ, చిత్రకారుడు గ్యారీ హింక్స్, అక్షరశిల్పులు మైకేల్ హార్వీ, నికోలస్ స్లోన్ ముఖ్యులు. కృతి మీద ఫిన్లే పేరుతో పాటు వారి పేర్లు కూడా కనిపిస్తాయి. సంగ్రహాలయాల పట్టికలలోనూ అనేక కృతులు ‘ఫిన్లే, రాన్ కాస్ట్‌లీతో కలిసి’ అనే పద్ధతిలోనే నమోదయ్యాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. భావన కవిదే అయినప్పుడు మిగిలినవారు ఆజ్ఞను అమలుచేసేవారే కదా అన్నది ఆ ఆక్షేపణ. అయితే లేఖలో ఎంత వివరించినా గీత మందం, అక్షరాల నడుమ ఎడం, ఉలి దిగే లోతు వంటి నిర్ణయాలు చేసే చేతికే మిగులుతాయి. అమరికే అర్థమైన కవితలో ఆ నిర్ణయాలు అర్థనిర్ణయాలే. నాటకకర్తకూ నటునికీ ఉండే సంబంధం దీనికి కొంత దగ్గర.

1977లో వచ్చిన ‘హెరోయిక్ ఎంబ్లెమ్స్’ ఈ పద్ధతికి పరిణతరూపం. 1531లో ఇటలీకి చెందిన ఆల్చాటో గ్రంథంతో ఐరోపాలో ప్రచారం పొందిన ‘ఎంబ్లెమ్’ ప్రక్రియలో సూక్తి, చిత్రం, వివరణ అనే మూడు భాగాలు ఉంటాయి. ఫిన్లే సూక్తులను సమకూర్చగా, యుద్ధనౌకలు, ట్యాంకుల చిత్రాలను కాస్ట్‌లీ గీశాడు. వ్యాఖ్యానాన్ని విమర్శకుడు స్టీఫెన్ బాన్ రచించాడు. మూడు భాగాలకు ముగ్గురు కర్తలు. కృతి మాత్రం ఒకటే.

6. ముద్రణసత్యం కోసం వివాదం:

కర్తృత్వాన్ని ఇంత ఉదారంగా పంచుకున్న ఫిన్లే ప్రచురణ విషయంలో ఎంతమాత్రం రాజీపడలేదు. లండన్‌లోని ఫుల్‌క్రం ప్రెస్ 1969లో ‘ది డాన్సర్స్ ఇన్‌హెరిట్ ది పార్టీ’ని తిరిగి ప్రచురిస్తూ దానిని తొలి ముద్రణగా పేర్కొంది. 1960లోనే మైగ్రెంట్ ప్రెస్ దానిని ప్రచురించినందున అది అసత్యమని ఫిన్లే వాదించాడు. ఆ వివాదం ఏళ్ల తరబడి సాగింది. ముద్రణల లెక్క వ్యాపారానికి సంబంధించిన చిన్న విషయమని ఎవరికైనా తోచవచ్చు. ఏ కృతిని ఎవరు, ఎప్పుడు, ఏ రూపంలో చేశారన్నది కృతిలో భాగమేనని నమ్మిన కవికి అది చిన్న విషయం కాదు. సహకారుల పేర్లు అచ్చు వేయడం, తప్పు ముద్రణ వివరాన్ని ఎదిరించడం ఈ ఒక్క నమ్మకానికి రెండు ముఖాలు.

7. పుట నుంచి ఉద్యానానికి:

స్టోనీపాత్ క్రమంగా లిటిల్ స్పార్టా అనే ఉద్యానంగా మారింది. అక్కడ చెట్ల నడుమ, నీటి ఒడ్డున సుమారు 270 కృతులున్నాయి. మొక్కలు నాటి, పెంచి ఉద్యానానికి రూపమివ్వడంలో స్యూ ఫిన్లే శ్రమ ప్రధానమైనది. కార్డు మీద పదం చుట్టూ ఉన్న తెల్లకాగితం చేసే పనిని ఇక్కడ గడ్డి, నీరు, ఆకాశం చేస్తాయి. ఈ దృష్టితో ఉద్యానం ఆయన ముద్రిత కృతులకు కొనసాగింపే.

ఉద్యానంలోని ఒక పాతకొట్టాన్ని ఫిన్లే దేవాలయంగా ప్రకటించాడు. స్ట్రాత్‌క్లైడ్ ప్రాంతీయ మండలి దానికి పన్ను విధించగా ఆయన చెల్లించడానికి నిరాకరించాడు. 1983 ఫిబ్రవరి 4న జప్తుకు వచ్చిన అధికారి ఆనాడు వట్టి చేతులతో తిరిగి వెళ్లవలసివచ్చింది. ‘లిటిల్ స్పార్టా యుద్ధం’గా పేరుపడిన ఈ ఘర్షణలో కార్డులు, ముద్రితపత్రాలు ఫిన్లే ఆయుధాలయ్యాయి.

చిహ్నాలతో పనిచేసేవారికి ఎదురయ్యే ప్రమాదం కూడా ఆయనకు ఎదురైంది. ఫ్రెంచి విప్లవ ద్విశతాబ్ది సందర్భంగా వెర్సాయ్‌లో తలపెట్టిన ఉద్యానం, ఆయన కృతులలో నాజీ చిహ్నాల వాడుకపై చెలరేగిన వివాదం వల్ల 1988లో రద్దయింది. అవి సమర్థన కావని, నాగరికతలో దాగిన హింసకు గుర్తులని ఆయన పక్షంవారి వాదం. సూక్తి, చిత్రం, వివరణ కలిసి ఉన్న గ్రంథంలో అర్థానికి ఒక కాపలా ఉంటుంది. విడిగా నిలిచిన చిహ్నానికి ఆ రక్షణ లేదు. తక్కువ మాటల కవిత్వం తన చూపరిని ఎంతగా నమ్ముకోవలసి ఉంటుందో ఈ ఉదంతం తెలుపుతుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతాయి. ఒకటి, ఫిన్లే కృతులలో ముద్రణ కవితకు వాహనం కాదు, శరీరం. రెండు, ఆ శరీరాన్ని రూపొందించినవారి పేర్లను కవితో పాటు నిలపడం మర్యాద కోసం చేసినది కాదు; అది కృతి స్వభావం నుంచి పుట్టిన బాధ్యత. మూడు, కార్డు, పుస్తకం, శిలాఫలకం వేర్వేరు కళలుగా కాక ఒకే కవితాదృష్టికి వివిధ స్థలాలుగా కనిపిస్తాయి. అందువల్ల ఆయన కృతులను సంకలనాలలోని పాఠంగా మాత్రమే చదవడం అసంపూర్ణ పఠనమే అవుతుంది. మూర్తకవితను ఉదాహరించే పరిశోధకులు మాటలతో పాటు మాధ్యమాన్ని, పరిమాణాన్ని, ముద్రణ వివరాన్ని, సహకారి పేరును కూడా నమోదు చేయవలసి ఉంటుంది. వీటిలో ఏది లోపించినా ఉదాహరణలో కవిత కొంత తగ్గిపోతుంది.